వాపు లేని మండలం

కేదారిలంక మండలంలో వాపు అనేది అధికారికంగా అంతరించింది ఒక శుక్రవారం నాడు, ఉదయం పదకొండున్నర గంటలకు. ఆ తర్వాత నాలుగో రోజున పెచ్చెట్టి నూకరాజు కొబ్బరిచెట్టు మీంచి జారాడు. ఈ రెండూ తారుమారై ఉంటే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. నూకరాజు వారం ముందు జారి ఉంటే లబ్ధిదారుడు అయ్యేవాడు. ఆలస్యంగా జారడం వల్ల సమస్య అయ్యాడు.

దీనంతటికీ మొదలు ఏటిగట్టు మీద ఉంది. జిల్లాకు కొత్తగా వచ్చిన ప్రత్యేకాధికారి ప్రభంజనరావుగారు గట్టు పటిష్టతను పరిశీలించడానికి కేదారిలంక వచ్చారు. గట్టు సంతృప్తికరంగా ఉన్నదని ఆయన విలేకరులకు చెబుతుండగానే అది ఆయన కుడికాలి కింద కుంగింది. చీలమండ మడతపడింది. అరగంటలో కాలు బూటులో పట్టనంత వాచింది. దగ్గర్లో ఉన్నది ప్రభుత్వ ఆయుర్వేద వైద్యశాల ఒక్కటే కాబట్టి ఆయనను అక్కడికే మోసుకొచ్చారు.

ఆ వైద్యశాలలో ఉన్న మనుషులు ఇద్దరు. డాక్టరు పురుషోత్తంగారు, ఆయన కింద అటెండరు చిట్టూరి సుభద్రమ్మ. సుభద్రమ్మ ఇరవయ్యేడేళ్లుగా అక్కడ వావిలాకు తైలం కాస్తోంది. ఆకు దంచి రసం తీసి, నువ్వుల నూనెలో పోసి, సన్నని సెగ మీద రెండు రోజులు మరగనిచ్చేది. అడుగున మిగిలిన ఆకుముద్దను వేళ్ల మధ్య నలిపితే వత్తిలా సాగాలి. ఆ వత్తిని నిప్పులో వేస్తే చిటపటమనకూడదు. అప్పుడే గుండిగ దించేది. ఆ నూనె కోసం పంటు మీద ఏరు దాటి అవతలి ఒడ్డు నుంచి కూడా జనం వచ్చేవారు. సీసా తెచ్చుకున్నవాళ్లకు పోసిచ్చేది. చెయ్యి అందని చోట నొప్పి ఉన్నవాళ్లకు తనే రాసి పంపేది.

ప్రభంజనరావుగారికీ అలాగే చేసింది. మొదటి రోజు నూనె ముట్టనివ్వలేదు, కాలు ఎత్తు మీద పెట్టించి తడిగుడ్డ వేసి ఉంచమంది. రెండో రోజు నుంచి నూనె గోరువెచ్చగా చేసి, వేళ్ల నుంచి పైకి మెల్లగా రాసి, వేడిచేసిన వావిలాకు కట్టింది. ఆరో రోజున ఆయన బూటు తొడుక్కున్నారు. లేచి నిలబడి నాలుగడుగులు వేసి, ఆమెకు ఏం కావాలో అడిగారు. నూనె కాచే పాక కురుస్తోందని, రేకులు వేయిస్తే చాలునని సుభద్రమ్మ చెప్పింది. ఆయన రాసుకున్నారు. వారం తిరిగేసరికి జిల్లా కార్యాలయం నుంచి వచ్చింది మాత్రం రేకులు కాదు, ఒక పథకం.

పథకం పేరు ‘వాపు విముక్తి’. ప్రారంభ సమావేశంలో ప్రభంజనరావుగారు మాట్లాడిన మాటలు తర్వాత గోడల మీద కూడా రాశారు.

“నా చీలమండకు జరిగిన న్యాయం ఈ జిల్లాలోని ప్రతి చీలమండకూ జరగాలి. వంద రోజుల్లో, శతశాతం, యుద్ధ ప్రాతిపదికన.”

ప్రయోగాత్మకంగా మొదటి మండలం కేదారిలంక. ముందు సర్వే చేశారు. పంచాయతీ సిబ్బంది కొలత టేపులు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి మోకాళ్లు, మడమలు, మణికట్లు కొలిచారు. రెండు కాళ్లూ సమానంగా వాచినవాళ్లతో కొంత చిక్కు వచ్చింది. తేడా కనబడదు కాబట్టి వాళ్లకు వాపు లేనట్టే రాశారు. పద్ధెనిమిది వందల అరవై నాలుగు వాపులు తేలాయి. ఇంత సంఖ్య వంద రోజుల్లో సాధ్యం కాదని శాఖల సమన్వయ సమావేశం పెట్టి పంచుకున్నారు. బోదకాళ్లు మలేరియా విభాగానికి వెళ్లాయి. గర్భిణుల పాదాల వాపు స్త్రీ శిశు సంక్షేమానికి, భర్తలు కొట్టిన వాపులు పోలీసు శాఖకు బదిలీ అయ్యాయి. తేలు కుట్టిన వాపు ఎవరిదో తేలక పెండింగులో ఉండిపోయింది. చివరికి వావిలాకు తైలం వంతుకు పదకొండు వందల పన్నెండు మిగిలాయి.

అంత నూనె కావాలంటే కాచే సమయం నలభై ఎనిమిది గంటల నుంచి ఆరు గంటలకు కుదించాలని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. డాక్టరుగారు దాన్ని సుభద్రమ్మకు చదివి వినిపించారు.

“పెద్ద మంట పెడితే ఆకు మాడిపోద్దండి. నూనె ఉంటాది, మందుండదు,” అంది సుభద్రమ్మ.

అదే సంగతి డాక్టరుగారు కార్యాలయ భాషలోకి మార్చి, ‘క్షేత్రస్థాయిలో తైలము సహకరించుట లేదు’ అని రాసి పంపారు. దానికి పథకం ముగిసేదాకా జవాబు రాలేదు. ఈలోగా సుభద్రమ్మ నాలుగు గుండిగలు, ఇద్దరు కూలీ ఆడవాళ్లను అడిగి తెచ్చుకుని, ఎప్పటిలాగే సన్నని సెగ మీద కాస్తూ పోయింది. న్యాయంగా చెప్పుకోవాలంటే నూనె తన పని తాను చేసింది. చాలా వాపులు తగ్గాయి. చాలామంది మెట్లెక్కారు. తొంభై ఐదో రోజుకు మిగిలినవి ముప్పై తొమ్మిది. అవన్నీ పాతికేళ్లుగా మోకాళ్లలో కాపురం ఉన్న ముసలి వాపులు. ఏ ప్రభుత్వానికీ లొంగే రకం కావు.

వందో రోజున ఆ ముప్పై తొమ్మిది మందినీ బస్సులో ఎక్కించి, పథకంలో భాగంగా పుణ్యక్షేత్ర దర్శనానికి జిల్లా దాటించారు. పదకొండున్నరకు ప్రభంజనరావుగారు శిలాఫలకం మీది తెర తొలగించి మండలం వాపురహితమని ప్రకటించారు. ఆ క్షణంలో అది అక్షరాలా నిజం. సాయంత్రం బస్సు తిరిగి వచ్చింది కానీ ప్రకటన అప్పటికే జరిగిపోయింది. రేవులో పంటు దిగేచోట ‘వాపు లేని మండలానికి స్వాగతం’ అని బోర్డు పెట్టారు. వైద్యశాల రిజిస్టరులో ‘వాపు’ అనే గడిని ఎర్ర సిరాతో కొట్టేశారు. రెండు నెలల తర్వాత రాజధానిలో పురస్కారం అందుకోవలసి ఉందని, అంతవరకు ‘యథాస్థితిని పరిరక్షించాలని’ డాక్టరుగారికి లిఖితపూర్వకంగా చెప్పారు.

నూకరాజు అప్పుడు జారాడు.

నూకరాజు కొబ్బరి దింపు తీసేవాడు. పద్ధెనిమిదో ఏట చెట్టెక్కడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లు అదే పని. ఆ రోజు వాన వెలిశాక తడిచెట్టు ఎక్కి, దిగేటప్పుడు రెండు నిలువుల ఎత్తు నుంచి జారి, ఎడమకాలి మీద పడ్డాడు. పట్నం ఆసుపత్రిలో ఎక్సరే తీసి ఎముక విరగలేదని చెప్పి మాత్రలిచ్చారు. అతనికి కడుపులో పుండు ఉంది. రెండు రోజులు మాత్రలు మింగి, కాలి నొప్పికి కడుపు నొప్పి తోడయ్యాక మానేసి, భార్య మంగతాయారు భుజం మీద చెయ్యివేసి, కుంటుతూ వైద్యశాలకు వచ్చాడు.

సుభద్రమ్మ కాలు చూసింది. చీలమండ ఎక్కడుందో వెతుక్కోవలసినంత వాచి ఉంది. సీసా అందుకోబోతుంటే డాక్టరుగారు గదిలోంచి వచ్చి ఆపారు. ఆయన చెడ్డవాడు కాదు. కుర్చీ వేయించి నూకరాజును కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, పరిస్థితి ఓపికగా వివరించారు. తైలం ఇవ్వాలంటే రిజిస్టరులో వాపు అని రాయాలి. వాపు అని రాయడానికి గడి లేదు. గడి ఎందుకు లేదంటే మండలంలో వాపు లేదు. కాబట్టి అతని కాలికి ఉన్నది వాపు కాకపోయి ఉండాలి, లేదా ఆ కాలు ఈ మండలంలో లేకపోయి ఉండాలి.

“కాలు ఇక్కడే ఉందండి. కావాలంటే తవరే నొక్కి చూడండి,” అన్నాడు నూకరాజు.

డాక్టరుగారు నొక్కలేదు. నొక్కితే అది పరీక్ష కిందికి వస్తుంది.

మంగతాయారు బతిమాలింది. పదిహేను రోజుల్లో దింపులు మొదలవుతాయని, అప్పటికి చెట్టెక్కకపోతే తోటలవాళ్లు వేరే మనిషిని పెట్టుకుంటారని, ఒకసారి చెయ్యి మారిన తోట మళ్లీ తిరిగిరాదని చెప్పింది. డాక్టరుగారికి ఆ మాట తగిలింది. కాసేపు ఆలోచించి, ఏటి అవతల వరదరాజపురం మండలంలో ఇంకా ప్రకటన కాలేదని, అక్కడి వైద్యశాలకు వెళ్లమని సలహా ఇచ్చారు.

మొగుడూ పెళ్లాలిద్దరూ పంటెక్కి అవతలికి వెళ్లారు. అక్కడ పథకం ఎనభై ఒకటో రోజులో ఉంది. అక్కడి డాక్టరు వాళ్ల రేషను కార్డు చూసి, తాను తొమ్మిది వందల వాపులను మూడు వందలకు తెచ్చానని, ఇప్పుడు పొరుగు మండలం వాపు ఒకటి కలుపుకుంటే ‘దిగుమతి వాపు’ కింద సంజాయిషీ అడుగుతారని చెప్పాడు. పైగా వాపు లేని మండలం నుంచి వాపు ఎలా వస్తుందని అడిగాడు. అతని ప్రశ్నలో తప్పేమీ లేదు. సాయంత్రానికి ఇద్దరూ వెనక్కి వచ్చారు. ఆ తిరుగుడుకు కాలు ఇంకా లావైంది.

సుభద్రమ్మ ఎదురుతిరిగే మనిషి కాదు. ఇరవయ్యేడేళ్లలో ఒక్కరోజు కూడా ఆలస్యంగా సంతకం పెట్టలేదు. ఇంకో ఏడు నెలల్లో పదవీ విరమణ. అయితే పట్టించుకోకుండా వదిలేసిన కాళ్లను ఆమె చూసి ఉంది. వాపు గట్టిపడి, చీలమండ బిగుసుకుపోయి, జీవితాంతం కాలు ఈడ్చుకుంటూ తిరిగినవాళ్లను పేరుపేరునా ఎరుగును. నూకరాజు కాలు అలా కావడానికి ఎన్నాళ్లు పడుతుందో ఆమెకు తెలుసు. పురస్కారానికి అంతకన్నా ఎక్కువ రోజులే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్న, పనివేళకు ముందే, ఆమె అన్నం క్యారేజీ ఉన్న సంచిలో ఒక సీసా పెట్టుకుని రేవుకు వెళ్లింది. నూకరాజు దంపతులను కూడా పంటెక్కమంది. పంటు ఏటి నడిమికి వచ్చాక, మండలం హద్దు ఎక్కడని పంటు నడిపే సరంగును అడిగింది. నీళ్ల మీద గీత ఎవరు గీశారమ్మా అని అతను నవ్వాడు. ఆమెకు అదే కావాలి. నూకరాజు కాలు తన ఒళ్లో పెట్టుకుని నూనె రాసి, తెచ్చిన ఆకు కట్టింది. అవతలి ఒడ్డున ఎవరూ దిగలేదు. అదే పంటు మీద తిరిగి వచ్చి, సమయానికి సంతకం పెట్టింది.

రోజూ అలాగే సాగింది. నాలుగో రోజున తీర్థయాత్ర బస్సులోని ముసలమ్మలు ఇద్దరు పంటెక్కారు. తొమ్మిదో రోజుకు పందొమ్మిది మంది అయ్యారు. వాళ్లలో ఏడుగురు వరదరాజపురం వైపు వాళ్లు. వాళ్ల మండలంలో కూడా వందో రోజు దగ్గర పడుతోంది. టిక్కెట్టు కొన్నవాళ్లు ఏ ఒడ్డునా దిగకపోవడం తన సర్వీసులో చూడలేదని సరంగు అన్నాడు. మోటారు సైకిళ్ల మధ్య, పాల క్యాన్ల మధ్య, జనం కాళ్లు చాపుకుని కూర్చునేవారు. పంటంతా వావిలాకు వాసన వేసేది.

పదకొండో రోజున నూకరాజు కాలికి చీలమండ తిరిగి కనబడింది. పద్నాలుగో రోజున సాయం లేకుండా నడిచాడు. పదిహేడో రోజున, రెండు రోజులు ఆలస్యంగానే అయినా, దింపుకు వెళ్లాడు. తోటవాళ్లు ఆగారు. చెట్టు మొదట్లో నిలబడి కాసేపు కాండం మీద చెయ్యి వేసి ఉంచాడు. ఎక్కాక, గెల కోయడానికి అక్కర్లేనంత సేపు పైనే ఉండిపోయాడు. కింద మంగతాయారు ఏమైందని పిలిచింది. ఏమీ లేదు, ఏరు కనబడుతోంది అన్నాడు.

ఆ వారంలోనే సుభద్రమ్మకు మెమో వచ్చింది. పంటు సంగతి ఎవరో పై అధికారులకు రాశారు. మెమోలో ఇలా ఉంది: ‘వాపురహిత మండలమునకు చెందిన వ్యక్తులకు, వాపు లేనందున తైలము అవసరము లేకున్నను, జలమార్గమున తైలము పూసి ప్రభుత్వ ఔషధమును దుర్వినియోగము చేసినందులకు మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలోగా తెలుపవలెను.’

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. వాళ్లకు వాపు ఉందని నిరూపిస్తే తాను బయటపడుతుంది. కానీ ప్రకటన అబద్ధమవుతుంది, ఫలకం ఎత్తెయ్యాలి, అంత పని చేసిన అటెండరును ఎవరూ ఏడు నెలలు ఉండనివ్వరు. వాపు లేదని ఒప్పుకుంటే నూనె దొంగ అవుతుంది. విచారణ తేదీ వేశారు. సాక్షిగా నూకరాజును పిలిచారు.

ముందురోజు డాక్టరుగారు నూకరాజు ఇంటికి వచ్చారు. వాపు రాలేదని ఒక్క మాట అనమని, మండలం పరువు అతని నోట్లో ఉందని చెప్పారు. అలా అంటే సుభద్రమ్మగారి గతేమిటని మంగతాయారు అడిగింది. డాక్టరుగారు లేచారు. ఇచ్చిన కాఫీ తాగకుండానే వెళ్లిపోయారు.

విచారణ మండల కార్యాలయంలో జరిగింది. ప్రభంజనరావుగారు మధ్యన, ఒక పక్క గుమాస్తా, ఇంకో పక్క డాక్టరుగారు కూర్చున్నారు. సుభద్రమ్మ గోడ పక్కన నిలబడింది. ఇస్త్రీ చీర కట్టుకొచ్చింది. రెండు చేతులూ వావిలాకు పసరుకు నల్లబడి ఉన్నాయి, వాటిని కొంగు కింద పెట్టుకుంది. నూకరాజు ఆమె వైపు చూడలేదు. తన కాలు ఒళ్లో పెట్టుకుని నూనె రాసిన ఆ మనిషికే, వాపు ఉందన్నా లేదన్నా, దెబ్బ తగులుతుందని అతనికి తెలుసు.

సాక్షి తన ఎడమకాలికి వాపు వచ్చినదీ రానిదీ స్పష్టంగా, ఒక్క ముక్కలో, ఎటువంటి వత్తిడికీ లోనుకాకుండా చెప్పాలని ప్రభంజనరావుగారు అన్నారు. గుమాస్తా కలం పట్టుకున్నాడు.

“కాలు లావెక్కిందండి. సుభద్రమ్మగారు నూనె రాశారండి. మళ్లీ సన్నబడిందండి. ఇది నిజమండి,” అన్నాడు నూకరాజు. కాస్త ఆగి, “అది వాపో, బలుపో నాకేం తెలుసండి. చదువుకున్నోరు, తవరే రాసుకోండి,” అన్నాడు.

గుమాస్తా రాయాలో వద్దో తెలియక అధికారి మొహంలోకి చూశాడు. ప్రభంజనరావుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అప్పుడు డాక్టరు పురుషోత్తంగారు లేచారు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఏ సమావేశంలోనూ నోరు విప్పని మనిషి. గొంతు సవరించుకుని, నువ్వుల నూనెకు శాస్త్రప్రకారం శరీరాన్ని పుష్టిపరిచే గుణం ఉన్నదని, ఆ నూనె వంద రోజులు మండలమంతా వాడినందువల్ల అవయవాలకు పుష్టి కలగడంలో ఆశ్చర్యం లేదని మనవి చేశారు. సుభద్రమ్మ వైపు ఒకసారి చూసి కూర్చున్నారు.

తీర్పు నాలుగు రోజులకు వచ్చింది.

‘సదరు పెచ్చెట్టి నూకరాజు ఎడమకాలికి కలిగినది వాపు కాదనియు, పథకము యొక్క సత్ఫలితముగా ఏర్పడిన బలుపు మాత్రమే అనియు విచారణలో రుజువైనది. పంటుపై గుర్తించిన మిగిలిన పదునెనిమిది మందికిని ఇదియే వర్తించును. అయితే మితిమీరిన బలుపు దైనందిన విధులకు ఆటంకము కలిగించు అవకాశమున్నందున, అట్టి బలుపును సాధారణ స్థాయికి తెచ్చుటకు తైలమును వినియోగించుట సక్రమమే. సుభద్రమ్మపై తదుపరి చర్య విరమించడమైనది.’

దాంతో పాటు వైద్యశాల రిజిస్టరుకు కొత్త గడి మంజూరైంది. పైన ‘బలుపు’ అని, దాని కింద స్వల్పం, మధ్యమం, అధికం అని అచ్చువేసి పంపారు.

ఉత్తర్వు చదివి వినిపించినప్పుడు సుభద్రమ్మ ఒక్కటే అడిగింది, రేపట్నుంచి నూనె వైద్యశాలలోనే రాయొచ్చా అని. బలుపుకు మాత్రమే రాయవచ్చునని డాక్టరుగారు అన్నారు. “ఆయ్,” అని వెళ్లి పొయ్యి అంటించింది. ఆ రోజు ఆమె చేతిలోంచి రసం కొంచెం నేల మీద ఒలికిందని కూలీ ఆడవాళ్లు చెప్పారు.

పురస్కారం అనుకున్న రోజుకే వచ్చింది. రాజధాని సభలో ప్రభంజనరావుగారు తమ జిల్లాలో ప్రజలకు వాపు పోయి బలుపు వచ్చిందని ప్రకటిస్తే చప్పట్లు చాలాసేపు మోగాయని పత్రికలు రాశాయి. తర్వాతి నెలలో మూడు జిల్లాల నుంచి అధికారుల బృందాలు బలుపును అధ్యయనం చేయడానికి కేదారిలంక వచ్చి వెళ్లాయి. వరదరాజపురం మండలం తమకూ బలుపు గడి కావాలని అర్జీ పెట్టుకుంది.

ఆ బృందాలు వెళ్లిన మర్నాడు పొద్దున్న వైద్యశాల ముందు వరసలో ఒక ముసలమ్మ నిలబడి ఉంది. లంక చివరి నుంచి నడిచి వచ్చింది, ఇంతకుముందెప్పుడూ రాలేదు. లోపల ఏమని చెప్పాలో వరసలో ముందున్నవాళ్లు నేర్పారు. ఆమె వంతు వచ్చాక గోడ పట్టుకుని బల్ల మీద కూర్చుంది. చీర మోకాళ్ల దాకా జరుపుకుని, చిన్నపిల్ల పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది.

“రెండు మోకాళ్లకీ బలుపేనమ్మా. మెట్టెక్కలేకపోతన్నాను.”

“ఎన్నాళ్లనించి బలిసినయి?” అని సుభద్రమ్మ అడిగింది.

“మా ఆయన పోయిన కాణ్ణించి.”

సుభద్రమ్మ మోకాలి మీద అరచెయ్యి ఆనించింది. ముసలమ్మ పెదవి కొరుక్కుని మూలిగింది. సుభద్రమ్మ నవ్వలేదు. రిజిస్టరు దగ్గరికి లాక్కుని, అధికం అన్న చోట గీత పెట్టి, నూనె వెచ్చచేయడానికి లేచింది.